నాలుగడుగుల చేపల తొట్టికి ఇంటి నేల ఆగుతుందా? టైల్స్, కడప బండలు, గచ్చు, చెక్క నేలల మీద నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒంగోలులో అపార్టుమెంటు రెండో అంతస్తు, హాల్లో రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టి పెట్టాలనుకుంటున్నారు. వెల్డింగ్ షాపులో ఇనుప స్క్వేర్ పైపుతో నాలుగు కాళ్ల స్టాండు చేయిస్తున్నారు. ఆ బరువుకు స్లాబు ఆగుతుందా, టైల్స్ పగులుతాయా, లేకపోతే కావలిలో మీ నాన్నగారి పాత ఇంట్లో కడప బండల నేల మీద పెట్టుకోవడమే మేలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. స్లాబు ఆరోగ్యంగా ఉండి, తొట్టిని బీము పక్కన పెడితే నాలుగడుగుల తొట్టికి భయం లేదు. కానీ మీరు చెప్పిన స్టాండును అలాగే పెడితే టైలు పగిలే అవకాశం బాగా ఎక్కువ. కావలి ఇల్లు కింది అంతస్తు కాబట్టి అక్కడ నిశ్చింత అనుకోకండి. అక్కడ చూడవలసినవి వేరే ఉన్నాయి.

నేను నెల్లూరులో 22 ఏళ్లుగా తొట్లు కట్టి, ఇళ్లలో అమర్చి ఇస్తున్నాను. అంతకుముందు సముద్రపు ఒడ్డున ఒక రొయ్యల హేచరీలో పని చేశాను. ఇన్నేళ్లలో ఇంట్లో పెట్టిన తొట్టి బరువుకు స్లాబు కూలిపోగా నేను చూడలేదు. కాలి కింద టైలు పగిలినవి చూశాను. నేల ఒక మూల కుంగి, స్టాండు మెలితిరిగి, అడుగు అద్దం చీలి, రాత్రికి రాత్రి హాలంతా నీళ్లయినవి చూశాను. అందుకే ఎవరైనా బరువెంత అని అడిగితే, ఆ బరువు ఎంత చోటు మీద దిగుతోంది, ఆ చోటు ఎంత చదునుగా ఉంది అని నేను తిరిగి అడుగుతాను.

ముందు బరువు లెక్క చూద్దాం. మీ తొట్టిని అంచు దాకా నింపితే 340 లీటర్లు పడుతుంది. పైన రెండు అంగుళాలు వదిలి, గులకరాళ్లు ఆక్రమించే చోటు తీసేస్తే నీరు సుమారు 300 లీటర్లు, అంటే 300 కిలోలు. 10 మిల్లీమీటర్ల అద్దం చదరపు అడుగుకు దాదాపు 2.3 కిలోలు ఉంటుంది. నాలుగు పక్కలూ, అడుగూ కలిపితే 28 చదరపు అడుగులు, అంటే 65 కిలోలు. గులకరాళ్లు 45, స్టాండు 40, అలంకరణ రాళ్లు, ఫిల్టరు, మూత కలిపి 20. మొత్తం 470 కిలోలు. నేను మాత్రం 500 అని రాసుకుంటాను, ఎందుకంటే తొట్టిలో రాళ్లూ మొద్దులూ ఏడాదికేడాది చేరుతూనే ఉంటాయి.

ఈ 500 కిలోలు నాలుగు కాళ్లకు పంచుకుంటే కాలికి 125. ఇప్పుడు మీ స్టాండు కాలు చూడండి. ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు, గోడ మందం 2 మిల్లీమీటర్లు. వెల్డరు పైపును కోసి అలాగే వదిలేస్తే నేలను తాకేది ఆ సన్నని అంచు మాత్రమే, అర చదరపు అంగుళం కూడా ఉండదు. చదరపు అంగుళానికి సుమారు 280 కిలోల ఒత్తిడి పడుతుంది. అదే కాలి అడుగున నాలుగంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పున్న ఇనుప పలక, అంటే బేస్ ప్లేటు వెల్డింగ్ చేయిస్తే ఒత్తిడి చదరపు అంగుళానికి 8 కిలోలకు దిగిపోతుంది. అదే తొట్టి, అదే నేల, తేడా 35 రెట్లు. 6 మిల్లీమీటర్ల మందం ప్లేటు ముక్కలు నాలుగు పెట్టించడానికి అయ్యే ఖర్చు తొట్టి ధరలో లెక్కకే రాదు. స్టాండు ఇంకా షాపులోనే ఉంటే ఈరోజే ఫోను చేసి బేస్ ప్లేట్లు పెట్టమని చెప్పండి.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నాలుగు కాళ్ల స్టాండులో ఒక కాలు ఒక మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా బరువు నాలుగింటి మీద సమానంగా ఉండదు. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్లే దాదాపు మొత్తం మోస్తాయి. అప్పుడు కాలికి 125 కాదు, 250 దగ్గరికి చేరుతుంది.

ఇక స్లాబు సంగతి. ఇళ్ల గదులకు చదరపు మీటరుకు 200 కిలోల బరువు అదనంగా వస్తుందని లెక్కేసి స్లాబు రూపొందించాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. చదరపు అడుగుకు చూస్తే సుమారు 18.6 కిలోలు. మీ తొట్టి నిలబడేది ఆరు చదరపు అడుగుల మీద, అంటే చదరపు అడుగుకు 83 కిలోలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసి చాలామంది భయపడతారు. అయితే స్లాబు ఆరు చదరపు అడుగుల ముక్కగా పనిచేయదు. లోపలి కమ్మీలు బరువును చుట్టుపక్కలకు పంచుతాయి. 12 × 14 అడుగుల గది మొత్తానికి ఆ లెక్కన 3 టన్నులకు పైగానే వస్తుంది, మామూలుగా ఇంటి సామాను అందులో కొద్ది భాగమే. అలాగని 3 టన్నులు గది మధ్యలో పేర్చవచ్చని దీనికి అర్థం కాదు. పంట కాలువ మీద అడ్డంగా వేసిన తాటి మొద్దును గుర్తు చేసుకోండి. గట్టు దగ్గర నిలబడితే అది కదలదు, నడుమకు వెళ్లేసరికి వంగుతుంది. స్లాబుకు గట్టు అంటే బీము. అందుకే తొట్టిని గది నడుమ పెట్టవద్దు. బీము వెంబడి, వీలైతే పిల్లరు ఉన్న మూలలో పెట్టాలి.

బీము ఎక్కడుందో తెలుసుకోవడానికి గోడను నమ్మకండి. ఈ కాలపు అపార్టుమెంట్లలో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలను చాలా చోట్ల నేరుగా స్లాబు మీదే కట్టేస్తారు. గోడ ఉన్నంత మాత్రాన దాని కింద బీము ఉండాలని లేదు. మీరు చేయవలసిన పని చాలా తేలిక. కిందికి దిగి పార్కింగులో తలెత్తి చూడండి. మొదటి అంతస్తు బీములు అక్కడ బయటికే కనబడతాయి. సాధారణంగా పై అంతస్తులన్నీ అదే వరుసలో వస్తాయి. మీ హాలు పైకప్పులో కనబడే బీములతో కూడా పోల్చి చూసుకోండి. రెండూ కలిస్తే మీ పాదాల కింద కూడా అక్కడే ఉందని నమ్మవచ్చు. చాలామంది వాస్తు ప్రకారం ఈశాన్యంలో పెట్టాలని అడుగుతారు. నేను సంతోషంగా ఒప్పుకుంటాను, ఎందుకంటే గది మూల అంటే సాధారణంగా రెండు వైపులా బీములుండే చోటు. ఆ ఈశాన్యం బాల్కనీలో పడితే మాత్రం ఒప్పుకోను. బాల్కనీ ఒకవైపే ఆధారం ఉన్న స్లాబు, తొట్టిలాగా ఏళ్ల తరబడి కదలకుండా ఉండే బరువుకు అది తగిన చోటు కాదు.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీరు అనుకున్న చోట స్టూలు వేసి, దాని మీద అంచు దాకా నింపిన నీళ్ల గ్లాసు పెట్టి, నాలుగడుగుల దూరంలో ఒకరిని గట్టిగా నడవమనండి. నీటి మీద చిన్న వణుకు రావడం సహజం. గ్లాసులోంచి నీళ్లు చిందేంతగా ఊగితే ఆ చోటు వదిలేయండి. ఇంకా ముఖ్యమైనది, కింది ఇంటివాళ్లను అడిగి వాళ్ల పైకప్పు చూడండి. పొడవాటి పగుళ్లు, పెచ్చులూడి తుప్పుపట్టిన కమ్మీ, చెమ్మ మరక కనబడితే అక్కడితో ఆగి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాలి. మన కోస్తాలో ఉప్పు గాలికి కమ్మీ తుప్పుపట్టడం అరుదైన సంగతి కాదు. ఆరడుగుల తొట్టి పై అంతస్తులో పెట్టాలంటే స్లాబు ఎంత బాగున్నా నేను ఇంజనీరు మాట వినకుండా ముట్టుకోను.

ఇప్పుడు మీ టైల్స్. విట్రిఫైడ్ టైలు స్వతహాగా గట్టిది. కింద నిండుగా సిమెంటు ఉంటే బేస్ ప్లేటు ఉన్న కాలిని తేలికగా మోస్తుంది. చిక్కంతా కింద గుల్లగా ఉన్నప్పుడే. నెల్లూరులో ఒక ఇంట్లో ఇలాంటి తొట్టే నింపిన మూడో రోజు రాత్రి టప్పుమని శబ్దం వచ్చిందని ఫోను చేశారు. వెళ్లి చూస్తే ముందు కాలు టైలు మూల మీద ఉంది, ఆ మూల నుంచి ఏటవాలుగా పగులు. నీళ్లన్నీ తోడి, చేపలను డ్రమ్ముల్లోకి మార్చి, టైలు తీశాం. కింద ఐదు చోట్ల ఐదు సిమెంటు ముద్దలు, మిగతాదంతా ఖాళీ. పని త్వరగా కావాలని కొందరు టైలు వెనక ఇలా ముద్దలు పెట్టి అతికిస్తారు. మనుషులు నడిచినన్నాళ్లు ఏమీ తెలియదు. మూలల దగ్గర ఆధారం లేదు కాబట్టి బరువు పడిన రోజు బయటపడుతుంది.

అందుకే కాళ్లు దిగే నాలుగు టైల్స్‌నూ రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం తట్టండి. నిండుగా ఉన్నచోట బిగువైన శబ్దం వస్తుంది, గుల్ల ఉన్నచోట డొల్లగా మోగుతుంది. ఒకసారి విన్నాక చెవికి పట్టుబడుతుంది. గుల్ల ఉన్న టైలు మీద ప్లైవుడ్ వేసి సర్దుకుందామని అనుకోకండి. ఆ ఒక్క టైలు తీయించి, కింద సిమెంటు నిండుగా పరిచి మళ్లీ వేయించడమే సరైన పని. సొంత ఇల్లయితే మేస్త్రికి పూట పని. అద్దె ఇల్లయితే నిండుగా ఉన్న టైల్స్ దొరికే చోటుకు తొట్టిని జరపండి.

మీ కొలతలో ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని వాడుకోండి. స్టాండు నాలుగడుగులు, టైలు రెండడుగులు. నాలుగు రెండుకు సరిగ్గా రెట్టింపు కాబట్టి ఎడమ కాలు టైళ్ల సందు మీద పడితే కుడి కాలు కూడా సందు మీదే పడుతుంది. అడుగు పక్కకు జరిపితే రెండూ టైలు నడుమకు చేరతాయి. టైలు మూల కన్నా నడుమ భాగానికి ఓర్పు ఎక్కువ. అడుగు జరపడానికి ఖర్చేమీ లేదు, నేను ప్రతి ఇంట్లోనూ ముందు చూసేది ఇదే.

స్టాండు కింద షీటు వేయాలా అని కూడా అడిగారు. చదునైన టైల్స్ మీద 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దాని కింద పలుచని రబ్బరు షీటు వేస్తే మంచిదే. నీళ్లు పడితే ఉబ్బే మామూలు ప్లైవుడ్ వద్దు. అయితే ప్లైవుడ్ వేశాక బరువంతా ఆరు చదరపు అడుగులకూ సమానంగా పరుచుకుంటుందన్నది అపోహ. అది కాలి చుట్టూ కొన్ని అంగుళాల మేరకే పంచుతుంది. టైలుకు అది చాలు. స్లాబు మోసే మొత్తం మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు. ప్లైవుడ్ బదులు చీమకుర్తి గ్రానైటు పలక వేయించుకునేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ముక్కలు సులువుగా దొరుకుతాయి. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు 5 కిలోలకు పైగా ఉంటుంది, ఆ బరువు కూడా లెక్కలో కలుపుకోండి. కింద పలుచగా సిమెంటు పరిచి కూర్చోబెడితేనే దాని వల్ల ప్రయోజనం. ఉత్త టైలు మీద గ్రానైటు పెడితే రెండు గట్టి వస్తువులు మూడు ఎత్తు చోట్ల మాత్రమే తాకుతాయి.

కడప బండల నేల నాకు చాలా ఇష్టమైన నేల. ఇంచున్నర, రెండించుల మందం ఉన్న బండ కింద మట్టి గట్టిగా ఉంటే తొట్టి బరువు దానికి లెక్కే కాదు. పాత ఇళ్లలో దానికి రెండు లోపాలుంటాయి. మొదటిది, బండ పై భాగం చదునుగా ఉండదు. పైగా కడిగిన నీళ్లు బయటికి పోవాలని మేస్త్రులు గుమ్మం వైపు వాటం ఇచ్చి పరుస్తారు. నాలుగడుగుల దూరంలో అర అంగుళం వాటం ఉన్న ఇళ్లు చూశాను. రెండోది, కొన్ని బండలు కదులుతుంటాయి. బండ ఒక మూల మీద నిలబడి అటూ ఇటూ ఒళ్లు కదపండి. ఏమాత్రం ఊగినా ఆ బండ తీయించి కింద ఇసుక, సిమెంటు కూరించి మళ్లీ వేయించాలి.

ఇక్కడ నా అభిప్రాయం చాలామంది వెల్డర్లకు నచ్చదు. ఎగుడుదిగుడు బండల మీద, కింద చుట్టూ ఫ్రేము ఉన్న స్టాండు కన్నా నాలుగు కాళ్లకు బేస్ ప్లేట్లున్న స్టాండే మేలు. ఫ్రేము పొడవునా ఆనుతుందని మనం అనుకుంటాం, కానీ అది ఎత్తుగా ఉన్న రెండు మూడు చోట్లే ఆని మిగతాచోట గాలిలో ఉంటుంది. కాళ్లయితే ఒక్కొక్కదాన్నీ విడిగా సరిచేయవచ్చు. చదునైన టైల్స్ మీద దీనికి తలకిందులు, అక్కడ కింద ఫ్రేము ఉన్న స్టాండే బరువును బాగా పంచుతుంది.

కింది అంతస్తు అనగానే అందరూ ధైర్యపడతారు. స్లాబు లేదు కదా, భూమి మీదే కదా అంటారు. కానీ కింది అంతస్తు నేల నిజంగా భూమి మీద ఉండదు, బేస్‌మెంటులో నింపిన గ్రావెల్ మీదో, ఇసుక మీదో ఉంటుంది. ఆ నింపుడును సరిగ్గా తడిపి దిమ్మిస కొట్టకపోతే ఏళ్ల తరువాత కూడా కుంగుతుంది. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరులో ఏటి ఒడ్డు ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు తీశాక నాకు తెలిసిన ఒక ఇంట్లో నేల పైకి బాగానే కనబడింది. నెల తరువాత ఐదడుగుల తొట్టి మళ్లీ నింపారు. నీటి గీత ఒక మూలకు వాలడం ఇంటామె గమనించి వెంటనే ఫోను చేశారు. వెళ్లి కొలిస్తే ఒక మూల 9 మిల్లీమీటర్లు దిగింది. నేల కింద ఇసుక కొట్టుకుపోయి డొల్ల ఏర్పడింది. ఆ రోజే తోడేశాం కాబట్టి అద్దం దక్కింది. ఆమె రోజూ నీటి గీత చూసే అలవాటే ఆ తొట్టిని కాపాడింది.

హేచరీలో పది టన్నుల సిమెంటు తొట్లు ఇసుక నేలలోనే ఉండేవి. ఇసుక బరువు మోయలేదని కాదు. నాలుగు వైపులా కట్టడిగా ఉన్నంతకాలం ఇసుక రాయిలాగా మోస్తుంది. ఒక పక్క నుంచి జారడం మొదలైతే దానికి ఆపు లేదు. అందుకే పాత ఇళ్లలో బయటి గోడ పక్కన పందికొక్కుల బొరియలు, పగిలిన డ్రైనేజీ పైపు ఉన్నాయేమో చూడకుండా ఆ గోడకు ఇవతల తొట్టి పెట్టను.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి మీద కట్టిన ఇళ్ల తీరు ఇంకొకటి. ఆ మట్టి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది. వానాకాలంలో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసిన తొట్టి మే నెలలో చూస్తే ఒరిగి ఉంటుంది. ఇలాంటి కింది అంతస్తు ఇళ్లలో ఏడాదికి రెండుసార్లు, వానలయ్యాకా, ఎండలు ముదిరాకా, రసమట్టంతో (స్పిరిట్ లెవెల్‌తో) చూసుకోమని చెబుతాను. నేల మీద పాత పగులు ఉంటే స్టాండు కాళ్లు ఆ పగులుకు రెండు వైపులా పడకుండా చూడండి. రెండు ముక్కలూ రెండు రకాలుగా కదులుతాయి.

మిగతా నేలల గురించి క్లుప్తంగా. ఎర్ర గచ్చు, సిమెంటు గచ్చు, మొజాయిక్ నేలలు బేస్ ప్లేట్లుంటే సమస్య కావు. గచ్చు పొర పలుచగా ఉన్న పాత ఇళ్లలో ప్లేటు ఆరంగుళాలు చేయించండి. అతుకులతో పరిచే లామినేట్ చెక్క నేల మీద మాత్రం నేను తొట్టి పెట్టను. దాని కింద పలుచని ఫోము ఉంటుంది, బరువుకు అణుగుతుంది, అతుకులు విచ్చుకుంటాయి, నాలుగు చుక్కలు నీళ్లు పడితే పలకల అంచులు ఉబ్బుతాయి. తప్పనిసరైతే తొట్టి నిలబడే మేరకు ఆ పలకలను కోసి తీసి, కిందున్న అసలు నేల మీద స్టాండు దించాలి. వినైల్ షీటు మీద కాలి గుంటలు పడతాయి, నల్ల రబ్బరు మరక పడుతుంది. అంతకుమించి ప్రమాదం లేదు. నెల్లూరు పాత వీధుల్లో చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. అలాంటి మిద్దె పైన గదిలో రెండడుగులు దాటిన తొట్టికి నేను ఒప్పుకోను. దూలం గోడలోకి వెళ్లే చోట పుచ్చిందో లేదో పై నుంచి చూసి చెప్పలేం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒరగడం వేరు, మెలితిరగడం వేరు. నాలుగడుగుల తొట్టి ఒక వైపు 3 మిల్లీమీటర్లు ఒరిగితే ఆ వైపు నీటి లోతు, అంటే అద్దం మీద ఒత్తిడి, అర శాతం లోపే పెరుగుతుంది. కంటికి బాగుండదు కానీ అద్దానికి ఏమీ కాదు. మూడు మూలలు ఒక మట్టంలో ఉండి నాలుగోది 3 మిల్లీమీటర్లు దిగితే మాత్రం తొట్టి మెలిపడుతుంది. 10 మిల్లీమీటర్ల అద్దం మెలికి లొంగదు. ఆ బలమంతా అడుగు అద్దం మీదా, మూలల సిలికాన్ అతుకు మీదా పడుతుంది. కొన్నిసార్లు వెంటనే, ఎక్కువగా వారాల తరువాత చీలుతుంది. రసమట్టం పొడవు వైపు ఒకసారి, వెడల్పు వైపు ఒకసారి పెట్టి చాలనుకునేవాళ్లకు మెలి కనబడదు.

దాన్ని పట్టుకోవడానికి వడ్రంగులు వాడే పద్ధతే నేనూ వాడతాను. స్టాండు పై ఫ్రేము నాలుగు మూలల మీద ఒకే మందం ఉన్న చెక్క ముక్కలు పెట్టండి. వాటి మీదుగా ఎదురు మూలలకు రెండు దారాలు బిగించి లాగండి. నడుమ అవి ఒకదానినొకటి కొద్దిగా తాకాలి. మధ్యలో సందు కనబడినా, ఒక దారం ఇంకొకదాన్ని నొక్కి వంచినా మెలి ఉన్నట్టే. ఖాళీ స్టాండుకు, అది నిలబడే చోటనే ఈ పరీక్ష చేయాలి. షాపులో సరిగ్గా ఉన్న స్టాండు మీ నేల మీద మెలితిరగవచ్చు.

సరిచేయడం ఎప్పుడూ కాలికీ నేలకూ మధ్యనే. తొట్టికీ స్టాండుకూ మధ్య ఏ ముక్కా దూర్చకూడదు, అక్కడ పెట్టిన చిన్న ముక్క మీదే అడుగు అద్దం మొత్తం ఆనుతుంది. కాలి కింద పెట్టేవి స్టీలు పట్టీలు కావాలి. ఈ విషయంలో తప్పు నాదే అయిన సంఘటన ఒకటి చెబుతాను. పని మొదలుపెట్టిన కొత్తలో, కడప బండల ఇంట్లో ఒక కాలి కింద టేకు చీలిక పెట్టి వచ్చేశాను. బాగా బిగిసింది. నీళ్లు మార్చినప్పుడల్లా అది తడిసింది, ఆరింది, మెత్తబడి అణిగింది. నాలుగు నెలలకు అడుగు అద్దంలో చీలిక. ఆ ఇంట్లో బడికి వెళ్లే పిల్లవాడు తెల్లవారి లేచి చూసేసరికి అతని గోల్డ్‌ఫిష్‌లు నేల మీద ఉన్నాయి. కొత్త తొట్టి నా ఖర్చుతో కట్టి ఇచ్చాను. ఆ పిల్లవాడి ముఖం మాత్రం ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పటినుంచి ఎత్తు సరిచేయడానికి చెక్క, అట్టముక్క, మడిచిన రబ్బరు ఏవీ కాలి కింద పెట్టలేదు. బండల నేల మీదైతే స్టీలు పట్టీలతో ఎత్తు సరిచేశాక, ప్లేటు కింద మిగిలిన సందులో ఒకటికి మూడు సిమెంటు ఇసుక గట్టిగా కలిపి కూరిస్తాను. రెండు రోజులు ఆరాకే తొట్టి ఎక్కిస్తాను.

థర్మోకోల్ షీటు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అడుగు అద్దం నేరుగా స్టాండు పలక మీద కూర్చునే తొట్టికి అంగుళంలో సగం మందం థర్మోకోల్ వేయడం అవసరం. ఇసుక రేణువు, వెల్డింగ్ బుడిపె లాంటివి అద్దానికి తగలకుండా కాపాడుతుంది. మెలిని మాత్రం సరిచేయదు. ప్లాస్టిక్ చట్రంలో అడుగు అద్దం కొంచెం పైకి ఉండే తొట్లకు థర్మోకోల్ వేయనే కూడదు. అక్కడ బరువు చట్రం అంచుల మీదే నిలవాలి, కింద నుంచి షీటు అద్దాన్ని పైకి నొక్కకూడదు.

నింపేటప్పుడు తొందర వద్దు. మూడో వంతు నింపి గంట ఆగండి. నాలుగు మూలల్లో పై అంచు నుంచి నీటి గీతకు ఎంత దూరమో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఒక్కొక్క కాలి కింద కాగితం ముక్క దూర్చి చూడండి, ఏ కాలి కింద దూరినా అది బరువు మోయడం లేదని అర్థం. అలా మూడు విడతల్లో నింపి, రెండు రోజులు చేపలు వేయకుండా వదిలి మళ్లీ కొలవండి. అంకెల్లో తేడా 1 మిల్లీమీటరు లోపు ఉంటే నేల స్థిరపడినట్టే. ప్రతి విడతకూ తేడా పెరుగుతూ పోతుంటే తోడేయండి. నీళ్లు తోడటం ఒక గంట పని.

కొత్తపట్నం, సింగరాయకొండ, మైపాడు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వారికోసం ఒక మాట. ఇనుప స్టాండు తుప్పు బయటి నుంచే కాదు, పైపు లోపలి నుంచి కూడా, అందులోనూ నేలకు దగ్గరగా ఉన్న కాలి అడుగున మొదలవుతుంది. పైపు కొసలన్నీ వెల్డింగ్‌తో మూయించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు మీద ఎపాక్సీ పెయింటు రెండు పూతలు వేయించండి. స్టాండు ఎత్తు రెండున్నర అడుగులు దాటితే పైభాగాన్ని గోడకు క్లాంపులతో కట్టించమని కూడా చెబుతాను. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో వచ్చిన భూకంపం గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అంత దూరం వెళ్లనక్కరలేదు, తొట్టి అంచు పట్టుకుని ఎక్కబోయే పసిపిల్లలున్న ఇల్లయినా చాలు.

మీకు నా సలహా ఒంగోలు ఇంట్లోనే పెట్టుకోండి అని. కావలి ఇల్లు చెడ్డదని కాదు. తొట్టిని రోజూ చూసే కళ్లు దగ్గర ఉండాలి. మీరు వారానికోసారి వెళ్లి చూసే ఇంట్లో నీటి గీత ఒరిగితే ఎవరు గమనిస్తారు? మీ నాన్నగారికి ఆసక్తి ఉండి అక్కడే పెట్టాలంటే, ఆ బండలు ఎన్నేళ్ల కిందట వేశారో, వాటి కింద ఏమి నింపారో ఆయన్నే అడగండి. ఇల్లు కట్టించిన మనిషికి అది తప్పకుండా గుర్తుంటుంది.

ముందుగా పార్కింగులో బీము ఎటు పోతోందో, మీరు అనుకున్న గోడకు అది ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచి ఇక్కడ రాయండి. నాలుగు టైల్స్ తట్టి ఏది ఎలా మోగిందో కూడా రాయండి. స్టాండు ఎటు తిప్పి, ఎంత జరిపి పెట్టాలో ఆ అంకెలు చూసి చెబుతాను.